అరీనాలోనా, బాట మీదా: మీకూ మీ గుర్రానికీ ఏ స్వారీ నప్పుతుందో తేల్చుకోవడం ఎలా

స్వారీ మొదలుపెట్టి ఏడాది తిరిగేసరికి చాలామంది తమకు తెలియకుండానే ఒక పక్షంలో చేరిపోతారు. కంచె కట్టిన ఇసుక మైదానంలో, అంటే అరీనాలో, వలయాలు తిప్పుతూ ఉంటేనే మనసు కుదుటగా ఉంటుందని కొందరంటారు; అక్కడ పది నిమిషాలు తిరిగేసరికి ఊపిరాడదని, గట్ల వెంబడో చెట్ల మధ్యనో సాగిపోతేనే అది స్వారీ అని మరికొందరంటారు. ఈ ఇష్టాల్లో సగం నిజమైన ఇష్టాలు కావని నా అభిప్రాయం. బయటికి వెళితే గుర్రం ఆగదేమోనన్న భయం అరీనా మీద ప్రేమగా కనిపిస్తుంది. ఒకే వలయం ఇరవైసార్లు తిప్పినా గుండ్రంగా రాలేదని శిక్షకుడి చేత అనిపించుకునే విసుగు బాట మీద ప్రేమగా కనిపిస్తుంది. అసలు ఇష్టమేదో తేలాలంటే రెండు చోట్లా చేతనైనవారిగా స్వారీ చేసి చూడాలి. ఆ స్థితికి చేరే పద్ధతిని, ముఖ్యంగా అరీనాలో నేర్చుకుని ఇంకా కంచె దాటనివారిని దృష్టిలో పెట్టుకుని, ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట, కంచె మీకు చేసిపెడుతున్న పనిని గుర్తించండి

గుర్రం చేత నిర్ణీత కదలికలు పొందికగా చేయించే డ్రెస్సాజ్ పోటీలకు వాడే పెద్ద అరీనా 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉంటుంది. చిన్నదాని పొడవు 40 మీటర్లు. నేర్చుకునేవారు ఎక్కువగా తిప్పే 20 మీటర్ల వలయం ఆ వెడల్పును అంచు నుంచి అంచు వరకు నింపేస్తుంది. నేల చదునుగా, ఒకే మెత్తదనంతో ఉంటుంది. చుట్టూ ఉన్న కంచె గుర్రం బయటి భుజాన్ని కాస్తూ ఉంటుంది గనుక, గుర్రం తిన్నగా నడుస్తున్నది మన కాలి ఒత్తిడి వల్లనేనని మనం భ్రమపడతాం. ఆ భ్రమ ఉందో లేదో తెలుసుకోవడానికి సులువైన మార్గం ఒకటుంది. కంచెకు మూడు మీటర్లు లోపలగా, దానికి సమాంతరంగా, ఈ చివరి నుంచి ఆ చివరి వరకు, నడకకన్నా వేగమైన అడుగైన ట్రాట్‌లో వెళ్లి, తర్వాత ఇసుకలో పడిన డెక్కల జాడను చూడండి. ఆ జాడ పాములా మెలికలు తిరిగి ఉంటే, ఇంతకాలం గుర్రాన్ని నడిపిన వాటా మీకన్నా కంచెదే ఎక్కువ.

అరీనాకు నష్టాలూ లేకపోలేదు. గంటల తరబడి చిన్న మలుపులు తిప్పితే గుర్రం కాళ్ల కీళ్ల మీద, స్నాయువుల మీద ఒకే వైపు నుంచి భారం పడుతుంది, ఇసుక మరీ లోతుగా ఉంటే ఆ భారం ఇంకా పెరుగుతుంది. ఏ మూల దగ్గర ఏం అడుగుతారో కంఠస్థం అయిపోయిన గుర్రం మీ సూచన కోసం ఎదురుచూడదు, అలవాటు ప్రకారం తిరిగేస్తుంది. ద్వారం దగ్గరికి రాగానే భుజం అటు వాల్చే గుర్రాలను మీరు చూసే ఉంటారు.

బాట మీద నేల మారుతూ ఉంటుంది గనుక గుర్రం అడుగు ఎక్కడ వేయాలో తానే చూసుకోవడం నేర్చుకుంటుంది, ఎగుడు ఎక్కితే వెనుక కాళ్లకు బలం వస్తుంది. రౌతు మాత్రం అక్కడే అలసత్వానికి అలవాటు పడతాడు. రైజింగ్ ట్రాట్‌లో లేచి కూర్చునేటప్పుడు కర్ణంగా ఉన్న ఏ కాళ్ల జతతో (ఒక పక్క ముందుకాలు, రెండో పక్క వెనుక కాలు) లయ కలుపుతున్నామో అరీనాలో దిశ మారినప్పుడల్లా మార్చుకుంటాం. బాట మీద దిశ మారదు, కాబట్టి హాయిగా అనిపించిన ఒకే జత మీద అయిదారు కిలోమీటర్లు సాగిపోతాం. గుర్రం వీపు ఒక పక్కే బిగుసుకుపోవడానికి ఇది మామూలు కారణం. కనిపించిన ప్రతి మలుపుకో పెద్ద చెట్టుకో మార్చుకుంటూ వెళ్లండి.

రెండోది, బయటికి వెళ్లే ముందు అరీనాలోనే నెగ్గవలసిన పరీక్షలు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆగడం. నడక నుంచి, ట్రాట్ నుంచి, క్యాంటర్ (ట్రాట్ కన్నా వేగమైన పరుగు) నుంచి మీరు ఊపిరి వదిలి, నడుము నిలిపి, జీనులో బరువుగా కూర్చుంటే గుర్రం నెమ్మదించాలి. పగ్గాలు ఆ మాటను పూర్తిచేయాలే తప్ప మొదలుపెట్టకూడదు. పగ్గాలు లాగితేనే ఆగే గుర్రం బయట బెదిరినప్పుడు వాటికి ఎదురు నిలిచి బిగుసుకుంటుంది, ఆ పోటీలో దాని బరువు ముందు మన చేతులు చాలవు.

రెండో పరీక్ష, ఒక పగ్గంతో ఆపడం. నిలబడి ఉన్న గుర్రం తలను మెల్లగా ఒక పక్కకు వంచి, అదే పక్క మీ కాలిని కొంచెం వెనక్కి జరిపి ఒత్తితే, గుర్రం ఆ పక్క వెనుక కాలు రెండో వెనుక కాలికి ముందుగా దాటి అడుగు వేయాలి. వెనుక కాళ్లు అలా పక్కకు జరిగినంతసేపూ ముందుకు తోసే బలం ఉండదు గనుక గుర్రం లంకించుకోలేదు. నిలబడి ఉన్నప్పుడు రెండు పక్కలా కుదిరాక నడకలోనూ, ఆ తర్వాత నిదానమైన ట్రాట్‌లోనూ అభ్యసించండి. దౌడు తీస్తున్న గుర్రం తలను మాత్రం ఒక్కసారిగా పక్కకు గుంజకూడదు; కాళ్లు తడబడి గుర్రం, మీరు కలిసి పడే ప్రమాదం ఉంది. వేగం ముదిరిపోతే చోటున్న దిక్కుకు పెద్ద వలయంగా తిప్పి, ఆ వలయాన్ని క్రమంగా చిన్నది చేసుకుంటూ రావాలి. మలుపు తిప్పడానికి చోటు లేని ఇరుకు బాటలో ఈ ఉపాయం పనికిరాదు కాబట్టి, ఇరుకులోకి వెళ్లే ముందే గుర్రం మాట వింటోందో లేదో చూసుకోవాలి.

మిగతావి చిన్నవిగా కనిపించినా బయట రోజూ అవసరపడతాయి. పగ్గాలను ఒక చేత పట్టి, నడుస్తూనే పైకోటు విప్పి మళ్లీ తొడుక్కోగలగాలి, ఆ కోటు చేసే చప్పుడుకు గుర్రం కదలకుండా ఉండాలి. జీను మీద నుంచి తేలికగా పైకి లేచి, బరువు రికాబుల్లోకి దింపి, రెండు మూడు నిమిషాలపాటు పగ్గాల మీద ఆధారపడకుండా ట్రాట్ చేయగలగాలి. మెట్టు లేకుండా నేల మీద నుంచి, కుడివైపు నుంచి కూడా, ఎక్కడం దిగడం వచ్చి ఉండాలి, ఎందుకంటే ఏటవాలులో ఎడమవైపు పల్లంగా ఉన్నప్పుడు అటు నుంచి ఎక్కడం దాదాపు అసాధ్యం.

మూడోది, గుర్రానికి బయటి ప్రపంచాన్ని నేల మీద నిలబడి చూపించండి

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి సూటిగా ఎదుట కొద్ది మేర, తోకకు సూటిగా వెనుక కొద్ది మేర మాత్రం కనిపించవు. రెండు కళ్లతో కలిపి చూసి లోతును అంచనా కట్టగలిగే భాగం ముందువైపు కొంత మేరకే పరిమితం. పైగా వెలుతురు నుంచి నీడలోకి వచ్చినప్పుడు దాని చూపు సర్దుకోవడానికి మనకన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఎండలో నడుస్తున్న గుర్రానికి బాటకు అడ్డంగా పడిన చెట్టు నీడ గొయ్యిలా తోచి ఠలాయిస్తే, అది మొండితనం కాదు, దానికి అందుతున్న సమాచారమే అంత.

అందువల్ల మొదట అరీనాలో ఒక ప్లాస్టిక్ పట్టాను పరిచి, అంచుల మీద బరువులు పెట్టి, గుర్రాన్ని చేత పట్టుకుని దాని దగ్గరికి నడిపించండి. అది ఆగితే ఆగనివ్వండి. తల దించి వాసన చూడనివ్వండి, గిట్టతో గీకనివ్వండి. వెనక్కి తిరగడానికి మాత్రం ఒప్పుకోకండి. ఒక అడుగు ముందుకు వేయగానే తాడు మీద ఒత్తిడి పూర్తిగా వదిలేయండి. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి నుంచి కాదు, ఒత్తిడి తొలగిన క్షణం నుంచి. మీరు అర సెకను ఆలస్యంగా వదిలితే అది వేరే పాఠం నేర్చుకుంటుంది. పట్టా తర్వాత సైకిలు, గొడుగు, గాలికి రెపరెపలాడే గుడ్డ, ఇలా ఒక్కొక్కటిగా పరిచయం చేయవచ్చు. ఆ తర్వాత వెళ్లదలచిన బాటలో మొదటి అర కిలోమీటరు గుర్రంతో కాలినడకన వెళ్లి రండి. దీన్ని చాలామంది చిన్నతనంగా భావించి వదిలేస్తారు. నేనూ వదిలేశాను, దాని ఫలితం ఏమిటో కింద చెబుతాను.

సామగ్రి విషయంలో నాలుగే మాటలు

గడ్డం కింద పట్టీ బిగిసే స్వారీ హెల్మెట్, రికాబులోంచి పాదం జారి దూరిపోకుండా మడమ ఉన్న బూట్లు తప్పనిసరి. ఒకసారి గట్టిగా నేలకు తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చివేయాలి. కళ్లెం కింద ఒక హాల్టర్ (నోట్లో ఇనుము లేని తలపట్టీ) తొడిగి, తాడు వెంట తీసుకువెళ్లండి, ఎందుకంటే గుర్రాన్ని పగ్గాలతో ఎక్కడా కట్టకూడదు: అది ఉలిక్కిపడి వెనక్కి లాగితే పగ్గాలు తెగుతాయి, లేదా నోరు కోసుకుపోతుంది. డెక్కల్లో ఇరుక్కున్న రాయి తీయడానికి కొక్కెం జేబులో ఉండాలి. ఫోను మీ ఒంటి మీద ఉండాలి, జీను సంచిలో కాదు, ఎందుకంటే మీరు పడిపోతే గుర్రంతోపాటు ఆ సంచీ వెళ్లిపోతుంది.

నాలుగోది, మొదటిసారి బయటికి వెళ్లడం

మొదటి ప్రయాణానికి ముప్పావుగంట చాలు, అదీ మొత్తం నడకలోనే. బయట తిరిగి తిరిగి అలవాటు పడిన ఒక నిదానస్తురాలైన గుర్రం తోడుండాలి. గుర్రం మందలో బతికే జంతువు. ముందున్న గుర్రం చెవులు ప్రశాంతంగా కదులుతూ ఉంటే వెనుకదానికి సగం భయం తీరిపోతుంది. మధ్యలో కనీసం ఒక గుర్రం పొడవంత దూరం ఉంచండి: మీ గుర్రం చెవుల మధ్య నుంచి చూస్తే ముందుగుర్రం వెనుక డెక్కలు కనిపిస్తూ ఉండాలి, అవి కనిపించకుండా పోయాయంటే తన్ను తగిలేంత దగ్గరికి వచ్చారన్నమాట. తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే ఆ గుర్రానికి తన్నే అలవాటు ఉందని అర్థం, ఇంకా దూరం పాటించాలి. వాగు దాటినప్పుడు, గేటు దాటినప్పుడు చివరి గుర్రం కూడా ఇవతలికి వచ్చేదాకా ముందువారు ఆగాలి, లేకపోతే వెనుకబడిన గుర్రం కంగారుపడి ఒక్క గెంతులో దాటేస్తుంది. ఎవరైనా ఎక్కుతున్నప్పుడు, దిగుతున్నప్పుడు కూడా అంతే.

బయల్దేరిన పది నిమిషాలకు ఆగి జీను పట్టీని మరోసారి బిగించండి. కట్టేటప్పుడు చాలా గుర్రాలు ఒళ్లు బిగబడతాయి గనుక లాయంలో గట్టిగా ఉన్న పట్టీ కాస్త నడిచేసరికి వదులవుతుంది.

ఎగుడులో నడుము నుంచి ముందుకు వంగి, ఒక చేత్తో జూలు పట్టుకుని, పగ్గాలు వదులు చేయండి, దానికి మెడ చాచుకునే వీలుండాలి. దిగుడులో నిటారుగా, ఏటవాలుకు తగినంతగా కాస్త వెనక్కి ఉండండి. వెన్ను వాల్చేసి పడుకోకండి. నిట్రంగా ఉన్న వాలును అడ్డంగా కోసుకుంటూ కాక నేరుగా ఎక్కడం, నేరుగా దిగడం మంచిది, ఎందుకంటే అడ్డంగా వెళుతున్నప్పుడు కాలు జారితే గుర్రం పక్కకు పడిపోతుంది, నేరుగా ఉన్నప్పుడు జారినా వెనుక కాళ్ల మీద కూలబడి నిలదొక్కుకుంటుంది. నీళ్లలో దిగిన గుర్రం ముందుకాలితో అదేపనిగా నీళ్లు చరుస్తూ ఉంటే ముచ్చటపడి చూస్తూ కూర్చోకండి. పొర్లబోతోందని దానర్థం, వెంటనే ముందుకు నడిపించండి.

ఇక బెదరడం. నా మొదటి ప్రయాణంలో నాకిచ్చిన గోధుమరంగు ఆడగుర్రం అరీనాలో నేను తలచుకోగానే ఆగేంత నెమ్మదైనది. వాన వెలిసిన ఆ ఉదయం బాట మధ్యలో ఒక నీటి మడుగు, దానిలో తెల్లని ఆకాశం. గుర్రం ఆగి, తల ఎత్తి, ముక్కుపుటాలు విప్పార్చి బుస్సుమంది. నేను ఆ మడుగులోకే తేరిపార చూశాను, ఊపిరి బిగబట్టాను, మోకాళ్లు నొక్కిపట్టి పగ్గాలు దగ్గరికి లాగాను. ఇవన్నీ అది తన వీపు మీద చదువుకుంది: పైనున్న మనిషి కూడా అటే చూసి బిగుసుకుపోయాడు, కాబట్టి అక్కడ నిజంగానే ఏదో ఉంది. మరుక్షణం అది కుడికి గెంతింది, నేను గెంతలేదు. నా ఫోను జీను సంచిలో లాయానికి చేరింది, నేను మూడు కిలోమీటర్లు బురదలో నడుచుకుంటూ చేరాను.

అక్కడ చేయవలసింది దాదాపు అంతా తలకిందులుగా ఉంది. గుర్రం చెవులు ఒకవైపు నిక్కబొడుచుకోగానే మీ చూపును ఆ వస్తువు మీద నుంచి తీసి, దాన్ని దాటాక బాటలో మీరు చేరదలచిన చోటు మీద నిలపండి. వినిపించేటట్టు ఊపిరి వదలండి. మోకాళ్లు వదులు చేసి బరువు మడమల్లోకి దింపండి. గుర్రం తలను భయపెడుతున్న వస్తువు నుంచి రవంత ఎదురుదిక్కుకు వంచి, వస్తువుకు అవతలి పక్కనున్న మీ కాలిని జీను పట్టీ దగ్గర ఆనించి ఉంచితే, అది భుజం అడ్డంగా తోసుకుని పోవడం కష్టమవుతుంది. ఆగితే ఆగనిచ్చి, ఒక అడుగు వేయగానే మెడ నిమరండి. ఎంతకీ కదలకపోతే తోటి గుర్రాన్ని ముందు పంపి దాని వెనుక నడిపించండి, అదీ కుదరకపోతే దిగి చేత పట్టి నడిపించండి. దిగితే గుర్రం గెలిచినట్టవుతుందనే మాట అర్థంలేనిది. కుక్క మొరుగుతూ మీదికి వస్తే గుర్రాన్ని దానికి ఎదురుగా తిప్పి నిలబెట్టండి, వెనుకనుంచి తరుముతున్న దానికన్నా కంటికి కనిపిస్తున్నదాన్ని గుర్రం బాగా ఓర్చుకుంటుంది.

తిరుగుప్రయాణంలో లాయం దిక్కుకు ఎన్నడూ పరుగు తీయనివ్వకండి. చివరి ఒకటిన్నర కిలోమీటరు నడకే. ఒక్కసారి ఇంటిదారిన క్యాంటర్ చేసిన గుర్రం మర్నాటి నుంచి ఆ మలుపు రాగానే తానే అడుగుతుంది, మీరు కాదంటే వాదిస్తుంది.

అయిదోది, ఆరు వారాల పోలిక

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఆరు వారాలపాటు ఒకరోజు అరీనా, ఒకరోజు బాట వంతులవారీగా చేస్తూ, దిగిన వెంటనే మూడే మూడు వాక్యాలు రాసుకోండి: ఎక్కేటప్పుడు గుర్రం ఎలా నిలబడింది, ఎక్కడ దాని మెడ వదులై నడక సాగింది, ఎక్కడ మీ పిడికిళ్లు బిగిశాయి. నాలుగో వారానికి ఆ కాగితాల్లో ఒక వరస కనిపిస్తుంది. బయటికి వెళ్లే రోజున పొద్దుటి నుంచే కడుపులో గుబులు, అరీనా రోజున లేదు అంటే, అది ఇష్టం కాదు, రెండో దశలో ఏదో పరీక్ష నెగ్గకుండా దాటేశారన్నమాట, వెనక్కి వెళ్లండి. గుబులు లేకుండానే, బాట మీద నలభై నిమిషాలు గడిచాక ‘ఇప్పుడు ఒక చక్కని వలయం తిప్పితే బాగుండు’ అనిపిస్తే మీది నిజంగా అరీనా మనసు. సూక్ష్మమైన పొందికలో ఆనందించేవారు ఉంటారు, వారు సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

గుర్రం మాట కూడా లెక్కలోకి తీసుకోండి. బయట చెవులు హుషారుగా ముందుకు పెట్టి, అరీనాలో తోక విదిలిస్తూ పళ్లు నూరే గుర్రాన్ని వారానికి అయిదు రోజులు అరీనాలో తిప్పడం మీ ఇష్టం తీర్చుకోవడమే అవుతుంది. అయితే అరీనాలో ఒక దిక్కు మలుపులోనే అది చిరాకు పడుతుంటే, ఇష్టాయిష్టాల సంగతి పక్కన పెట్టి ముందు జీను అమరికనూ కాళ్లనూ వీపునూ పశువైద్యుడికి చూపించాలి. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. దవడ ఎముక లోపలి అంచున ఉన్న నాడి మీద వేళ్లు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తెలుస్తుంది. దూరప్రయాణాల ఎండ్యూరెన్స్ పోటీల్లో తనిఖీ దగ్గర దిగిరావలసిన హద్దుగా చాలాకాలంగా 64 అన్న అంకెను వాడుతున్నారు. మీ ముప్పావుగంట నడక తర్వాత పది పదిహేను నిమిషాలకు కూడా అది అంతకన్నా పైనే ఉంటే, గుర్రం బయట సంతోషంగా లేదని కాదు, ఇంకా దమ్ము చాలలేదనో, నొప్పితో ఉందనో, భయం తగ్గలేదనో అనుకోవాలి.

నా వరకు నేను బాట మనిషినే. అయినా వారంలో నాలుగు రోజులు స్వారీ కుదిరితే రెండు అరీనాకే ఇస్తాను, మిగతా రెండు రోజుల బాటలోనూ అరీనా పనిని కొంత కలుపుతాను: ఈ చెట్టు దగ్గర నడక నుంచి ట్రాట్, ఆ రాయి దగ్గర మళ్లీ నడక, వెడల్పైన బాట దొరికితే కాలి ఒత్తిడితో ఈ అంచు నుంచి ఆ అంచుకు ఏటవాలుగా జరగడం. కంచె సాయం లేదు గనుక అక్కడ కుదిరిన పని నిజంగా కుదిరినట్టే.

ఇంటికి చేరాక జీను దించగానే వీపును చూడండి. రెండు పక్కలా ఒకేలా చెమట పట్టి ఉండాలి. తడి మధ్యలో అరచేయంత పొడి మచ్చ కనిపిస్తే అక్కడ జీను గట్టిగా నొక్కుతోందేమోనని అనుమానించి, వేళ్లతో ఒత్తి చూసి, గుర్రం వీపు దించితే ఆ జీనుతో మళ్లీ బయల్దేరవద్దు. డెక్కలు శుభ్రం చేసి, నీళ్లు పెట్టి, కాగితం తీసి మూడు వాక్యాలు రాయండి. ఆ రోజు బాట మీద చేతకాని పని ఏదైనా ఒకటుంటే, రేపటి అరీనాలో మొదటి పది నిమిషాలు దానికే.